నవ్వు సీసా

జూన్ 12

అక్కా,

ఫోన్లో మూడో మాటకే గొడవ పడుతున్నామని, ఇక నుంచి ఉత్తరాలే రాసుకుందామని నువ్వే తీర్పు చెప్పావు కదా. సరే, ఇదిగో మొదటిది. ఇందులో నేను గొంతు పెంచినా నీకు వినిపించదు, నువ్వు మధ్యలో పెట్టేసినా నాకు తెలియదు. ఇద్దరికీ హాయి.

మా గిలక్కాయ బడిలో చేరింది. ఐదేళ్ళు నిండాయో లేదో, వీపున తనకంటే పెద్ద సంచీ. నేను గేటు దగ్గర ఏడుస్తానేమోనని మీ మరిది సెలవు పెట్టి మరీ వచ్చాడు. చివరికి ముక్కు చీదింది ఆయనే. అది మాత్రం వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

తరగతి గదిలోకి వెళ్ళగానే ఏం కనిపించిందో చెప్పుకో. మీ ఆఫీసు బడులకి పంపిన నీ సీసాలు! టీచరు బల్ల మీద మూడు గాజు సీసాలు, ఒకదాని మీద నవ్వే మొహం, ఒకదాని మీద మామూలు మొహం, ఒకదాని మీద ఏడుపు మొహం. పొద్దున రాగానే ఎవరి చెక్కపూస వాళ్ళు తీసుకుని, ఆ రోజు మనసెలా ఉంటే ఆ సీసాలో వేయాలట. మా దాని పూస మీద గొడుగు బొమ్మ. "ఇవి మా అక్క కనిపెట్టినవేనండీ" అని టీచరుతో చెప్పేశాను. ఆవిడ బక్కపల్చటి మనిషి, మాటకో దగ్గు. "అవునా అండీ" అని ఊరుకుంది. ఇంకాస్త ఆశ్చర్యపోతే ఆవిడ సొమ్మేం పోయింది?

పక్కన కూర్చునే ఉంగరాల జుట్టు పిల్లతో అప్పుడే ప్రాణస్నేహం. పేరు చెప్పదు, "ఉంగరాలు" అనే అంటుంది. ఉంగరాలు ఇలా అంది, ఉంగరాలు అలా నవ్వింది అని పడుకునేదాకా నా బుర్ర తినేస్తోంది.

ఒక్కటి అడగాలి. ఇంటికొచ్చాక "ఇవాళ ఏ సీసాలో వేశావే, ఎందుకు వేశావే" అని అడగొచ్చా? నాకు ఆగడం లేదు.

నీ చెల్లి


జూన్ 21

ఒసేయ్ చెల్లీ,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి గట్టిగా నవ్వాను. ఎదుటి బల్ల గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఆయన కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడు. మీ కళ్ళజోళ్ళ దుకాణంలో ఉంటే నువ్వు ఊరుకునేదానివి కాదు.

అడగొద్దు. నా మాట విని అస్సలు అడగొద్దు. ఐదేళ్ళ పిల్లని "బాగున్నావా?" అంటే నీ మొహం చూసి, నీకేం కావాలో అది చెప్తుంది. అందుకే కదా ఈ పూసలు పెట్టింది. పూసకి మొహమాటం ఉండదు. నువ్వు ఇంట్లో రోజూ ఆరా తీశావనుకో, మర్నాడు సీసా ముందు నిలబడినప్పుడు నీ మొహమే గుర్తొస్తుంది, నా కొలత పాడవుతుంది. తనంతట తాను చెప్తే విను. బడి సంగతి నువ్వు మాత్రం ఎత్తకు. మాటివ్వు.

భయపడకు, పిల్లల్ని గాలికి వదిలేయలేదు. ఎవరి పూసైనా వరసగా రెండు రోజులు ఏడుపు సీసాలో పడితే, కబుర్ల టీచరని ఒకావిడ వచ్చి, ఆ పిల్లని చెయ్యి పట్టుకుని కబుర్ల గదికి తీసుకెళ్తుంది. మెత్తటి దిండ్లు, బొమ్మలు, కిటికీకి పూల తెర. కాసేపు మాట్లాడిస్తుంది, అవసరమైతే ఇంట్లో వాళ్ళని పిలిపిస్తుంది. ఆ గది ఆలోచన కూడా నాదే. చిన్నప్పుడు మనం ఏడిస్తే ఎందుకని అడిగిన దిక్కు ఉందా? ఈ పిల్లలకి ఉండాలని నా ఆశ.

మా ఇంటావిడ కుక్క మళ్ళీ నా చెప్పుల మీదే పడుకుంది. దాన్ని లేపే ధైర్యం లేక ఇవాళ పాత చెప్పులతో వచ్చాను.

గిలక్కాయకి ముద్దులు. 

అక్క


ఆగస్టు 3

అక్కా,

ఇచ్చిన మాట మీదే ఉన్నాను. ఒక్కరోజు కూడా అడగలేదు. కానీ ఏదో బాగాలేదు.

ఉంగరాలు వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్నకి బదిలీ అయిందట, సామాను లారీకెత్తుకుని వెళ్ళిపోయారని గేటు దగ్గర ఒక తల్లి చెప్పింది. నాకు తెలిసేసరికే వారం దాటింది. కూర్చోబెట్టి చెప్దామనుకున్నాను, ఓదారుద్దామనుకున్నాను. మళ్ళీ బడి సంగతి ఎత్తొద్దన్నావు కదా, తనే చెప్తుందిలే అని ఆగాను. అది ఇంతవరకు ఉంగరాల పేరే ఎత్తలేదు. ఆ పిల్ల అసలు పుట్టనే లేదన్నట్టుంది.

మాటలు తగ్గాయి. బడి వదిలాక దుకాణానికి తీసుకొస్తాను కదా, ఇదివరకు వచ్చినవాళ్ళందరినీ పలకరించేది. ఒకాయన అద్దాలు లేని ఉత్త ఫ్రేము కొనుక్కుని, అది పెట్టుకుంటే కూతురు తన మాట వింటుందని చెప్తే, దానికి నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఇప్పుడు అద్దం ముందు కూర్చుంటుంది. ఫ్రేములు పెట్టుకుని చూసుకునే గుండ్రటి అద్దం ఉందే, దాని ముందు. మూతి సాగదీస్తుంది, నవ్వుతుంది, ఆపుతుంది, మళ్ళీ నవ్వుతుంది. ఆడుకుంటోందనుకున్నాను. ఆడుకునే పిల్ల మొహం అలా ఉండదక్కా.

మొన్న మెట్ల మీద పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి లేచి నిలబడింది. "నొప్పి లేదమ్మా. నేను బాగున్నాను" అంది, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. మందు రాస్తుంటే కాలు వణికింది. కంట్లోంచి చుక్క రాలేదు.

ఎవరో భయపెట్టి నేర్పినట్టుంది. ఆ టీచరు మీదే నా అనుమానం. చెయ్యి చేసుకుంటోందేమో. నువ్వు ఒక్కసారి కనుక్కో.

చెల్లి


ఆగస్టు 16

చెల్లికి,

నీ ఉత్తరం అందేలోపే కనుక్కున్నాను. పోయిన వారం తనిఖీకి మీ బడికి వచ్చాను. సాయంత్రం రైలుకే తిరిగి రావాలి కాబట్టి ఇంటికి రాలేదు, దానికి తర్వాత తిట్టుకో.

నేను గుమ్మంలో అడుగు పెట్టగానే నీ కూతురు లేచి నిలబడింది. "నేను బాగున్నాను పెద్దమ్మా" అంది. నేనింకా నోరే తెరవలేదే! పరుగెత్తుకొచ్చి నా మీద పడుతుందనుకున్నదాన్ని, నాకు ఎలా ఉంటుంది చెప్పు? అడగొద్దంటే నువ్వు ఏకంగా పాఠమే చెప్పించావా? పెద్దమ్మ వస్తే ఇలా అనాలని నూరిపోశావా? నా పరువు కాపాడాలనే చేసుంటావు, కానీ ఇలాంటివి నా కొలతకి మేలు చేయవు.

ఆ తరగతి సంగతి విను. కొన్ని వారాలుగా ఒక్క పూస కూడా ఏడుపు సీసాలో పడలేదు. మామూలు సీసా కూడా ఖాళీ. అన్నీ నవ్వు సీసాలోనే. మా పెద్దాఫీసరు ఆ సీసా చేతిలోకి తీసుకుని గలగలలాడించి చూశాడు. వచ్చే నెల బయటి అతిథులకి చూపించడానికి మీ తరగతినే ఎంచుకున్నారు. పిల్లల్ని కొట్టే టీచరైతే ఇలా ఉంటుందా? నువ్వే చెప్పు.

ఆవిడ మంచిదే గానీ బద్ధకస్తురాలు. నన్ను వరండాలోకి పిలిచి, "ఈ సీసాలు కొన్నాళ్ళు లోపల పెట్టేద్దామండీ, పిల్లలు వాటి ముందు ఊపిరి బిగపట్టుకుంటున్నారు" అంది. పొద్దున్నే పూసలు లెక్కపెట్టడం బరువై అలా అంటోందని నాకు అర్థమైపోయింది.

నీ కంగారు నాకు కొత్తా? చిన్నప్పుడు నేను తుమ్మితే జ్వరమని ఏడ్చేదానివి.

అక్క


సెప్టెంబరు 9

అక్కా,

మా వీధి చివరిదాకా వచ్చి, మా గడప తొక్కకుండా వెళ్ళిపోయి, పైగా నేను దొంగపాఠాలు చెప్పించానని రాశావు. బాగుంది. నేనేమీ నేర్పలేదు. బిడ్డ నిన్ను చూసి భయపడితే ఎందుకా అని ఆలోచించాల్సింది పోయి, లెక్క పాడైందని బాధపడ్డావు. ఈ ఉత్తరం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది అందుకే.

నువ్వు చేయని పని నేను చేశాను. మరో ముగ్గురు తల్లుల్ని పోగేసి హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ పిల్లలూ అంతేనట, పడ్డా నవ్వుతారట, బొమ్మ విరిగినా నవ్వుతారట. టీచరు పిల్లల్ని భయపెడుతోందని గట్టిగా చెప్పాం. అతిథులు వచ్చే ముందు రచ్చ ఎందుకనుకున్నారేమో, వారం తిరక్కుండా ఆవిడని పంపించేశారు. వెళ్ళేటప్పుడు తరగతిలో పిల్లల ముందే ఏడ్చేసిందట. కబుర్ల టీచరు వచ్చి భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్ళిందట. విని కాస్త చివుక్కుమంది. ఆ మాట నిజమే. కానీ గెలిచాననే అనిపించింది.

ఇప్పుడు కొత్త టీచరు. పాటలు పాడుతుంది, బుగ్గలు పుణుకుతుంది. అయినా మా పిల్ల దారికి రాలేదు. ఇంకా మొండికేసింది. వంటింట్లోంచి పిలిస్తే పలకదు. వెనక నిలబడి పిలిచినా తిరగదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే మాత్రం ఠక్కున నవ్వుతుంది. నిన్న పాలు చల్లారిపోతున్నాయని గొంతు చించుకుని అరిచాను, కదిలితే ఒట్టు. నాకు ఒళ్ళు మండి కేకలేశాను. అప్పుడూ నవ్వింది.

ఒక పక్కకే తిరిగి పడుకుంటోంది. రెండో పక్కకి తిప్పితే నిద్రలోనే వెనక్కి తిరిగిపోతోంది.

చెల్లి


సెప్టెంబరు 14

చెల్లీ,

తిట్లు ముట్టాయి. ఇంటికి రాకపోవడం నాదే తప్పు.

అతిథుల పనిలో తలమునకలుగా ఉన్నాను, పెద్దగా రాయలేను. పిలిస్తే పలకకపోవడం ఆ వయసులో మంకుపట్టు, అంతే. నువ్వు ఎంత అరిస్తే అంత బిగుసుకుంటుంది. నాలుగు రోజులు పట్టించుకోకుండా వదిలెయ్యి, తనే దారికొస్తుంది. రోజూ నవ్వు సీసాలోనే పూస వేస్తోంది, బడి నుంచి వచ్చే లెక్కల్లో నేను చూస్తూనే ఉన్నాను.

దానికి రంగు పెన్సిళ్ళు పంపుతున్నాను.

అక్క


సెప్టెంబరు 24

అక్కా,

ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

నాలుగు రోజులు వదిలెయ్యమన్నావు, వదిలేశాను. ఐదోరోజు జడ వేస్తుంటే ఎడమ చెవి ముందుకి పొడుచుకొచ్చి కనిపించింది. వెనక ఎర్రగా వాచి ఉంది. నా వేలు తగలగానే ఒళ్ళంతా కర్రలా బిగిసిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. దిండు తిప్పి చూస్తే చీము మరకలు. మరక పైకి కనబడకుండా రోజూ తనే తిప్పి పెట్టుకుంటోంది. ఐదేళ్ళ పిల్ల.

డాక్టరమ్మ చూసి, చీము చెవి వెనక ఎముకలోకి పోయిందంది. "ఇది ఒకటి రెండు రోజుల్లో వచ్చేది కాదు. ఇన్నాళ్ళూ పిల్ల ఏడవలేదా?" అని నన్ను చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పలకడం లేదని నేను కేకలేసిన రోజుల్లో దానికి ఆ చెవి వినిపించడం లేదక్కా, రెండోది కూడా అప్పుడు దిబ్బడేసి ఉందట.

నొప్పి ఎంతుందో చెప్పడానికి వాళ్ళ దగ్గర ఒక అట్ట ఉంది. దాని మీద వరసగా మొహాలు, నవ్వే మొహం నుంచి వెక్కి వెక్కి ఏడ్చే మొహం దాకా. డాక్టరమ్మ అది ముందు పెట్టి, "నీకు ఎలా ఉందో వేలు పెట్టి చూపించు తల్లీ" అంది. మా పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, నవ్వే మొహం మీద వేలు పెట్టింది. ఆవిడ చెవి వెనక మెల్లిగా నొక్కింది. పిల్ల కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారుతున్నాయి. వేలు మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఫరవాలేదన్నారు. అది కళ్ళు తెరిచేసరికి నేను మంచం పక్కన ఏడుస్తూ కూర్చున్నాను. సెలైన్ పెట్టిన చెయ్యే ఎత్తి నా నోరు మూసింది.

"ఏడవకమ్మా. చూస్తే నిన్ను కూడా తీసుకెళ్ళిపోతారు."

"ఎవరే?"

"కబుర్ల టీచరు. ఉంగరాలు ఏడుపు సీసాలో వేసింది కదా. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మళ్ళీ రాలేదు. మా టీచరు కూడా ఏడ్చింది. టీచర్ని కూడా తీసుకెళ్ళిపోయింది."

ఊరు వదిలి వెళ్తున్నామని తెలిసి ఏడ్చి ఉంటుంది ఆ ఉంగరాల పిల్ల. కబుర్ల గదిలో ఓదార్చి ఇంటికి పంపి ఉంటారు. మర్నాడు లారీ ఎక్కేసింది. తరగతిలో పిల్లలకి ఆ లారీ కనిపించలేదు, ఆ గది తలుపే కనిపించింది. ఏడవకూడదని అందరూ ఒట్టేసుకున్నారట. బడిలోనే కాదు, ఇంట్లో కూడా, ఎందుకంటే సీసాలు పెట్టించిన పెద్దమ్మకి అన్నీ తెలిసిపోతాయట. నువ్వు గుమ్మంలో నిలబడగానే తనని తీసుకెళ్ళడానికే వచ్చావనుకుంది.

ఉంగరాల వాళ్ళ నాన్నకి బదిలీ అయిందే అని ఒక్క మాట నేను చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. నువ్వు వద్దన్నావని మింగాను. ఆ టీచరు పిల్లల తరఫునే మాట్లాడింది, నేను ఆవిడని వెళ్ళగొట్టించి వాళ్ళ భయాన్ని నిజం చేశాను. నిన్ను తిడదామని కాగితం తీశాను. ఎవరిని తిట్టాలో తెలియడం లేదు.

చెల్లి


అక్టోబరు 5

చెల్లీ,

నీ ఉత్తరం చదివి ఎలా ఉన్నానో రాయను. రాసే అర్హత లేదు.

మర్నాడే ఇక్కడ ఇంకో బడికి వెళ్ళాను. నా సీసాలున్న బడే, నేను మెచ్చుకున్న తరగతే. లోపలికి వెళ్ళకుండా కిటికీ పక్కన నిలబడ్డాను. ఒక పిల్ల చెప్పు తెగిపోయి ఏడుస్తూ వచ్చింది. గుమ్మం దగ్గరే మిగతా పిల్లలు చుట్టూ మూగారు. ఒకతి గౌను అంచుతో దాని మొహం తుడిచింది. ఇంకొకతి ఎర్రబడిన కళ్ళ మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మొహం సర్దుకున్నాక ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని దాన్ని నవ్వు సీసా దగ్గరికి నడిపించారు. పూస పడిన చప్పుడు నాకు బయటికి వినిపించింది. ఆ చప్పుడు కోసమే ఇన్నేళ్ళు పనిచేశాను.

ఆఫీసులో చెప్పాను. బతిమాలాను, అరిచాను. "ఇంత మంచి ఫలితం వచ్చాక ఆపడమేంటమ్మా?" అన్నాడు పెద్దాఫీసరు. మీ బడి చూసి వెళ్ళిన అతిథులు పొంగిపోయారట. వచ్చే ఏడాది నుంచి అన్ని బడులకీ సీసాలు పంపుతారట, అన్నిచోట్లా కబుర్ల గదులు కడతారట. గాజు ఫ్యాక్టరీకి ఆర్డరు వెళ్ళిపోయింది. నేను ఉద్యోగం మానేశాను. నా కుర్చీలో అప్పుడే వేరే అమ్మాయి కూర్చుంది, చురుకైన పిల్ల, నా పాత కాగితాలన్నీ శ్రద్ధగా చదువుతోంది.

మీ పాత టీచరు ఇల్లు వెతుక్కుని వెళ్ళాను. తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. ఎవరి ద్వారా తెలిసిందో, "పాపకి చెవి ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

శనివారం బయల్దేరి వస్తాను. నువ్వు మొహం మీదే తలుపు వేసినా సరే. దాని కాళ్ళ దగ్గర కూర్చుని, పెద్దమ్మ ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్ళదని చెప్పాలి. నీ కూతురికి ఎంత నష్టం చేశానో నా కళ్ళతో చూడాలి.

అక్క


అక్టోబరు 10

అక్కా,

కుట్లు విప్పారు. ఉంగరాల వాళ్ళ అమ్మతో ఫోన్లో మాట్లాడించాను, ఆ పిల్ల గొంతు కుడి చెవికి వినిపించాను. విన్నంతసేపు విని, "నిజంగా ఉంగరాలేనా? దాని గొంతులో వేరే ఎవరైనానా?" అని నన్నడిగింది.

ఎడమ చెవి ఎంత పోయిందో చూస్తామని నిన్న పరీక్ష చేశారు. చిన్న గాజు గది. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, లోపల కూర్చోబెట్టి, "చప్పుడు వినిపించినప్పుడల్లా చెయ్యి ఎత్తమ్మా" అన్నాడు ఆ పరీక్ష చేసే అబ్బాయి. మంచివాడు, ఓపికస్తుడు. నేను అతని వెనకే నిలబడ్డాను.

చెయ్యి ఎత్తింది. చప్పుడు తగ్గించాడు, ఎత్తింది. ఇంకా తగ్గించాడు, ఎత్తింది. నాకు ప్రాణం లేచొచ్చింది, చెవి పోలేదనుకున్నాను. అతను మాత్రం భుజాలు జారేసి మీట పూర్తిగా కట్టేశాడు. ఇప్పుడు ఏ చప్పుడూ లేదండీ అన్నాడు నాతో. అద్దం అవతల అది అతని మొహమే చూస్తూ, మళ్ళీ చెయ్యి ఎత్తింది.

మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశాడు. తల మీద తీగలు అంటించి నిద్రలో చూసే పరీక్ష ఇంకొకటి ఉందట, దానికి వచ్చే నెల రమ్మన్నారు. అప్పటిదాకా ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. దాన్ని అడిగి లాభం లేదు.

నువ్వొస్తానన్నావని పొద్దున చెప్పాను. మంచం దిగి, తనే జుట్టు దువ్వుకుని, కట్టు కనబడకుండా జుట్టు ముందుకి లాక్కుని కుర్చీలో కూర్చుంది. శనివారం ఇంకా రాలేదే అంటే వినదు, ఇప్పటికీ అలాగే కూర్చుని ఉంది.

నీ మీద కోపం లేదు. రాకక్కా.

నీ చెల్లి